పొరుగువాని కొరకు మింగే మాత్ర



ఫిబ్రవరి 11 లూర్దుమాత పండుగ. 1858లో ఆ దినమున కట్టెపుల్లలు ఏరుకొనుటకు వెళ్ళిన బెర్నదెత్త అను పేద బాలికకు గుహలో మరియతల్లి దర్శనమిచ్చినది. ఆ తల్లిని తలచుకొనగానే తెలుగువారికి గుణదల కొండ కళ్ళముందు నిలుస్తుంది. 1924లో ఆర్లాటి గురువులు అక్కడ మాత స్వరూపమును ప్రతిష్ఠించారు. నేడు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో లక్షలాది జనం అక్కడికి తరలివెళ్తున్నారు. తలనీలాలిచ్చేవారు, కొబ్బరికాయ కొట్టేవారు, కొవ్వొత్తి పట్టుకొని మెట్లెక్కేవారు ఎందరో. వారిలో చాలామంది ఏదో ఒక రోగబాధలో మొక్కుకొన్నవారే. అందుచేతనే రెండవ జాన్ పౌలు పోపుగారు 1992లో ఈ పండుగ దినమునే వ్యాధిగ్రస్తుల ప్రపంచ దినముగా నియమించారు. 1993 నుండి శ్రీసభ దానిని పాటిస్తున్నది.

ఈ వారం నేను చెప్పదలచినది పండుగను గురించి కాదు, పండుగకు ముందురోజును గురించి. బోదకాలు వ్యాధి ఉన్న జిల్లాలలో ఇంటింటికీ మాత్రలు పంచే కార్యక్రమమును కేంద్ర ప్రభుత్వం 2023 నుండి ఏటా రెండు విడతలుగా, ఫిబ్రవరి 10న ఒకసారి, ఆగస్టు 10న ఒకసారి మొదలుపెట్టే ఏర్పాటు చేసినది. 2025 ఫిబ్రవరి 10న 13 రాష్ట్రాలలోని 111 జిల్లాలలో ఆ పంపిణీ ప్రారంభమైనది. ఈ తేదీలు నిర్ణయించినవారు మన పండుగల పట్టిక చూసి నిర్ణయించలేదు. కాని ఆగస్టు 10 పునీత లారెన్సు పండుగ కదా! శ్రీసభ ఆస్తులు తెచ్చి చూపమని అధికారి గద్దించినప్పుడు కుంటివారిని, గ్రుడ్డివారిని, దరిద్రులను వెంటబెట్టుకొని వెళ్ళి, ఇవే మా నిధులని చూపించాడని సంప్రదాయం చెప్పే ఆ ఉపయాజకుని పండుగ. దేవుడు తన పంచాంగమును ప్రభుత్వ పంచాంగములో ఎలా కలుపుతాడో మనకు తెలియదు.

బోదకాలును గురించి కోస్తా జిల్లాల పెద్దలకు నేను కొత్తగా చెప్పవలసినది లేదు. గోదావరి కాలువల వెంట, డెల్టా పల్లెలలో ఈ వ్యాధిని ఎరుగని వీధి ఒకప్పుడు అరుదు. మొదట చలిజ్వరం, గజ్జలలో బిళ్ళ కట్టడం, నాలుగు రోజులకు తగ్గిపోవడం. కొన్ని నెలలకు మళ్ళీ అదే. ఏళ్ళు గడిచేసరికి పాదం, ఆపైన పిక్క ఉబ్బి, చర్మం మందమై, మడతలు పడుతుంది. కొందరికి చెయ్యి, కొందరు స్త్రీలకు రొమ్ము, పురుషులకు వరిబీజం. ఎందువలన వచ్చినదంటే మా తాతల కాలంలో ఒక్కొక్కరు ఒక్కొక్క మాట చెప్పేవారు. చెడ్డనీళ్ళు తాగడం వలన అన్నారు, పాపఫలం అన్నారు, శాపం అన్నారు. వియ్యమందే ముందు అటువైపు ఇంట్లో ఎవరికైనా బోదకాలున్నదా అని గుట్టుగా వాకబు చేయించేవారు.

అసలు కారణం దోమ. మురికినీటిలో పెరిగే క్యూలెక్సు జాతి దోమ. రోగక్రిమి దారపు పోగువంటి సన్నని పురుగు. అది మనిషి శరీరంలో శోషరస నాళాలలో కాపురముండి ఆరు నుండి ఎనిమిదేళ్ళు బ్రతుకుతుంది. ఆ కాలమంతా లక్షలకొలది పిల్లలను పెడుతుంది. ఆ పిల్లపురుగులు పగలంతా ఊపిరితిత్తుల లోపలి నాళాలలో దాగి, రాత్రి పూట పైరక్తంలోకి వస్తాయి. ఈ దోమ కుట్టేదీ రాత్రిపూటే. ఎంత కుదురుగా అమరినదో చూడండి! దోమ ఆ రక్తం పీల్చి, రెండు వారాలు పైబడినాక పక్కింటివారిని కుడితే అక్కడికి వ్యాధి చేరుతుంది. దోమకు ఇందులో పాత్ర ఉన్నదని 1877లో చైనాలో పనిచేస్తున్న పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు కనిపెట్టాడు. ఫైలేరియా సిబ్బంది రాత్రివేళ తలుపు తట్టి వేలి రక్తం అడిగేది కూడా ఇందుకే. నికొదేము రాత్రివేళ ప్రభువు వద్దకు వచ్చినప్పుడు ప్రభువు విసుగుకొనలేదు. మనం మాత్రం ఆ ఆరోగ్య కార్యకర్తను గుమ్మంలోనే నిలబెట్టి, రేపు రమ్మంటాం. రేపు పగలు వస్తే ఆ రక్తంలో ఏమీ కనిపించదు.

ఇక్కడ అందరూ గమనించవలసిన సంగతి ఒకటున్నది. ఈ క్రిమి ఉన్నవారిలో అధికుల శరీరంపై ఏ గుర్తూ ఉండదు. కాలు వాయదు, జ్వరం రాదు, పొలం పని మానరు. వారికే తెలియకుండా వారి రక్తంలోనుండి దోమలు ఊరందరికీ వ్యాధిని మోసుకొని పోతుంటాయి. కాలు వాచిన అవ్వను చూసి మనం తప్పుకొని నడుస్తాం. నిజానికి ఆమె కాలును తాకినందువలన ఎవరికీ రాదు. ఆరోగ్యంగా కనిపిస్తున్న మననుండే, మనకు తెలియకుండా, రావచ్చును.

కనుకనే మాత్రలు రోగులకు మాత్రమే ఇస్తే చాలదు. ఊరు ఊరంతా ఒకేసారి మింగవలెను. ఈ మందు ప్రధానంగా రక్తంలోని పిల్లపురుగులను చంపుతుంది. పెద్దపురుగు వెంటనే చావకపోయినా, ఏటేటా అందరూ మింగుతూ పోతే దోమకు పీల్చుకొనుటకు ఏమీ దొరకదు. పెద్దపురుగు తన ఆయుస్సు తీరి చచ్చేసరికి ఆ ఊరిలో గొలుసు తెగిపోతుంది. మొత్తం జనాభాలో కనీసం నూటికి 65 మంది నిజంగా మింగితేనే ఆ విడత ఫలించినట్లు లెక్క. డీఈసీ, ఆల్బెండజోల్ అను రెండు మందులు ఇచ్చేచోట ఇది కనీసం అయిదేళ్ళు సాగవలెను. ఐవర్‌మెక్టిన్ కూడా కలిపి మూడు మందులు ఇచ్చేచోట అంతకంటె త్వరగా పని పూర్తవుతుంది. మన దేశంలో ఆ మూడు మందుల పద్ధతి 2018లో కొన్ని జిల్లాలలో మొదలైనది.

ఇందులోని డీఈసీ అను మందు చరిత్ర తెలుగువారు తెలుసుకొనదగినది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు వ్యాధివలన సొంత సోదరులను కోల్పోయినవారు. మదరాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా చేరి, హార్వర్డులో పరిశోధన చేసి, 1940లో లెడర్లీ అను మందుల సంస్థలో చేరారు. అక్కడ ఆయన నడిపించిన పరిశోధనలోనే ఈ మందు పుట్టినది. 1948లో ఆయన కన్నుమూశారు. బోదకాలు పీడించిన గోదావరి గడ్డపై పుట్టిన మనిషి, సముద్రాల కవతల, బోదకాలుకు మందు వెదకినవారికి నాయకుడైనాడు. ఆయన మన మతస్థుడు కాడు. సమరీయుడు కూడా గాయపడినవాని మతస్థుడు కాడు.

మరి మందు చేతికి వచ్చి ఇన్ని దశాబ్దాలైనా, జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లోనే మొదలైనా, వ్యాధి ఇంకా ఎందుకు పూర్తిగా పోలేదు? కారణాలు చాలా ఉన్నాయి. మురుగు కాలువలు కట్టించవలసినవారు కట్టించలేదు. మందులు పంచవలసినవారు కొన్నిచోట్ల లెక్క రాసి సరిపెట్టారు. అవి నిజమే. కాని మన ఇళ్ళలో జరిగే ఒక కారణం ఉన్నది. ఆశా కార్యకర్త వచ్చి మాత్రలు ఇస్తుంది. “అక్కడ పెట్టమ్మా, అన్నం తిన్నాక వేసుకొంటాం” అంటాం. మాత్రలు టీవీ పైన, క్యాలెండరు వెనుక, బియ్యపు డబ్బా మూత మీద ఉండిపోతాయి. నెల తిరిగాక చెత్తలోకి పోతాయి. పుస్తకంలో మాత్రం మన కుటుంబమంతా మింగినట్లే. అడిగితే మన జవాబు సిద్ధంగా ఉంటుంది: “నాకు జబ్బేమీ లేదు కదా, నేనెందుకు మింగాలి?”

రాజుల రెండవ గ్రంథము 5వ అధ్యాయములోని నామాను కథ మీకు తెలుసు. సిరియా సైన్యాధిపతి, రథాలతో, వెండి బంగారాలతో ఎలీషా ప్రవక్త గుమ్మం ముందు నిలిచాడు. ప్రవక్త బయటికే రాలేదు. యొర్దానులో ఏడుసార్లు మునగమని కబురు పంపాడు. నామానుకు కోపం వచ్చినది. తనవంటివానికి ఇంత చిన్న వైద్యమా, తన దేశంలో ఇంతకంటె మంచి నదులు లేవా అని వెనుదిరిగాడు. అప్పుడు సేవకులు ఆయనను సముదాయించారు. ప్రవక్త ఏదైన కష్టమైన పని చెప్పియుంటే చేసేవాడివే కదా, తేలికైనది చెప్పినందుకా మానుకొంటావు అని వారి వాదం. ఆ ఇంటిలో అసలు వైద్యం మొదలుపెట్టినది ఒక చెరపట్టబడిన పనిపిల్ల మాట. ఆ కథలో పెద్దవాడి ప్రాణం కాపాడినది చిన్నవారి మాటలే.

మన గుమ్మం ముందుకు వచ్చే ఆశా కార్యకర్త కూడా అటువంటి చిన్నమనిషే. ఆమెకు వచ్చే జీతం కొంచెం, నడిచే నడక ఎక్కువ. ఆమె పెట్టెలో ఉన్నది ఉచితపు మాత్ర. వేల రూపాయల స్కానింగు రాసిన డాక్టరును మనం నమ్ముతాం, డబ్బు అడగని మాత్రను అనుమానిస్తాం. నామాను రోగం ఇప్పటికీ మనలో ఉన్నదనిపిస్తుంది.

కాని నామాను తన రోగం కొరకు మునిగాడు. మనం అడిగే ప్రశ్న వేరు: రోగం లేనివాడు మందు ఎందుకు మింగాలి? దీనికి వైద్యుని జవాబు పైన చెప్పాను. విశ్వాసి జవాబు పునీత పౌలు కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ 12వ అధ్యాయములో ఉన్నది. మనమందరం ఒకే శరీరమని, ఒక అవయవం బాధపడితే అన్నీ బాధపడతాయని ఆయన బోధ. అక్కడ ఆయన ఎంచుకొన్న ఉపమానం గమనించారా? తల పాదములతో, నీతో నాకు అక్కరలేదు అని చెప్పలేదంటాడు. మన ప్రాంతంలో ఆ మాట చదివినప్పుడు పాదం అంటే ఏ పాదమో మనకు తెలియవలెను.

సాధారణంగా మందు మన మేలు కొరకు మింగుతాం. ఈ మాత్రను ఎక్కువమంది పొరుగువాని కొరకు మింగుతారు. ఎవరి కొరకు మింగామో ఎన్నడూ తెలియదు. పదేళ్ళ తరువాత కాలు వాయకుండా పెళ్ళిపీటలెక్కే పక్కవీధి పిల్ల నా పేరు ఎరుగదు, నేను ఆమెను ఎరుగను. కుడిచెయ్యి చేసినది ఎడమచెయ్యి ఎరుగకుండ చేసే దానం గురించి ప్రభువు కొండమీద చెప్పినది ఇటువంటిదే. శ్రీసభ 1992లో ప్రకటించిన సత్యోపదేశ గ్రంథం 2288వ సంఖ్యలో ఐదవ ఆజ్ఞ క్రిందనే ఆరోగ్యాన్ని గురించి బోధిస్తుంది. ప్రాణమును, ఆరోగ్యమును దేవుడిచ్చిన వరాలుగా చూసుకోవలెను, ఇతరుల అవసరాలను, అందరి మేలును దృష్టిలో ఉంచుకొని కాపాడుకోవలెను అని దాని భావం. చంపరాదు అను ఆజ్ఞ కత్తి పట్టినవానికి మాత్రమే అనుకొనేవాళ్ళం. క్యాలెండరు వెనుక మిగిలిన మాత్రలకు కూడా అది వర్తిస్తుందని మనలో ఎంతమంది అనుకొన్నారు? ఆత్మశోధన చేసుకొనేటప్పుడు ఇది కూడా కలుపుకోండి.

ఇక్కడ ఒక అభ్యంతరం వింటున్నాను. మన విచారణల చుట్టుపక్కల కొందరు బోధకులు, మన వారిలో కూడా కొందరు, మందు మింగడం విశ్వాసలోపం అంటున్నారు. రాజుల దినచర్య రెండవ గ్రంథము 16వ అధ్యాయములోని ఆసా రాజును చూపిస్తారు. ఆసాకు పాదములలో జబ్బు. ప్రభువును ఆశ్రయించక వైద్యులను ఆశ్రయించాడని గ్రంథం తప్పుపట్టినది నిజమే. కాని అధ్యాయం మొదటినుండి చదవండి. అదే రాజు యుద్ధం వచ్చినప్పుడు దేవుని మరచి, దేవాలయపు వెండి బంగారాలను సిరియా రాజుకు పంపి సాయం కొనుక్కొన్నాడు. హెచ్చరించిన దీర్ఘదర్శిని చెరలో వేయించాడు. ఆయన దోషం వైద్యుని పిలవడం కాదు, దేవుని పిలవకపోవడం. సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయము ఇంకొకవైపు నుండి చెప్తుంది. ఔషధాలను నేలనుండి పుట్టించినది దేవుడే, బుద్ధిగలవాడు వాటిని తిరస్కరింపడు, ప్రార్థించు, వైద్యునికీ చోటివ్వు అని ఆ జ్ఞాని బోధ. రెండూ ఒకే అధ్యాయములో, ఒకదాని వెంట ఒకటి.

మన తెలుగు శ్రీసభకు ఈ రెండింటినీ కలిపి జీవించిన మఠకన్య ఉన్నారు. ఆస్ట్రేలియా దేశపు వైద్యురాలు మేరీ గ్లౌరీగారు 1920లో గుంటూరు వచ్చి, మఠకన్యగా మారి, 15వ బెనెడిక్టు పోపుగారి ప్రత్యేక అనుమతితో వైద్యం కొనసాగించారు. అప్పటికి మఠకన్యలు వైద్యవృత్తి చేయడానికి శ్రీసభ నియమాలు ఒప్పుకొనేవి కావు. ఆమె ఒక్కరే వేలమందిని చూడలేనని గ్రహించి స్థానిక యువతులకు మందులు కలపడం, నర్సింగు, మంత్రసానితనం నేర్పించారు. 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. 1957లో బెంగుళూరులో మరణించారు. 2013లో ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించారు. పునీతురాలి పట్టం కొరకు ప్రార్థిస్తున్నాం, మంచిదే. ఆమె గుంటూరులో నేర్పించినది మాత్రం పటానికి దండ వేయడం కాదు, ఇల్లిల్లూ తిరిగి రోగిని వెదకడం.

మాత్ర ఒక భాగం. దోమ రెండవ భాగం. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయములో ఇశ్రాయేలు పాళెమునకు దేవుడిచ్చిన ఒక నియమం చదివితే పిల్లలు నవ్వుతారు. పాళెము వెలుపలికి వెళ్ళవలెను, గుంట త్రవ్వుకొనుటకు పార వెంట ఉంచుకోవలెను, మలమును మట్టితో కప్పవలెను. కారణం కూడా అక్కడే ఉన్నది: దేవుడు పాళెము మధ్య నడుస్తున్నాడు కనుక. మన వీధులలో ఆయన నడవడా? ఇంటి వెనుక కదలని మురుగు, మూత పగిలిన సెప్టిక్ ట్యాంకు, గొట్టం చివర వల కట్టని గాలిగొట్టం, ఇవే ఈ దోమకు పుట్టిళ్ళు. గొట్టానికి పాత దోమతెర ముక్క కట్టడానికి పది నిమిషాలు చాలు. మరియదళం వారు, యువజన సంఘం వారు ఒక ఆదివారం సాయంత్రం వీధి వీధికీ వెళ్ళి కట్టగలరు. గుడి ఆవరణలోని ట్యాంకుతో మొదలుపెడితే ఇంకా బాగుంటుంది.

ఇది జరిగే పనేనా అని మీరు సందేహించవద్దు. చైనాలో ఈ మందును వంట ఉప్పులో కలిపి ఇచ్చిన ప్రాంతాలున్నాయి. ఉప్పు తినని ఇల్లుండదు కనుక అందరికీ చేరింది. 2007 నాటికి ఆ దేశం ఈ వ్యాధిని తుడిచివేసినది. మీరు భూమికి ఉప్పని ప్రభువు అన్నప్పుడు ఇది ఎవరి ఊహలోనూ లేదు గాని, నాకు ఆ వాక్యం చదివినప్పుడల్లా ఈ సంగతి గుర్తుకొస్తుంది. మన పొరుగున ఉన్న శ్రీలంక 2016లో, బంగ్లాదేశ్ 2023లో ఈ వ్యాధిని అంతం చేసిన దేశాలుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందాయి. వారి దోమలు మన దోమలకంటె మంచివేమీ కావు. భారత ప్రభుత్వం 2027ను గడువుగా పెట్టుకొన్నది. కొన్ని జిల్లాలలో పంపిణీ అవసరం తీరి, మళ్ళీ తలెత్తకుండ రక్తపరీక్షలతో కనిపెట్టుకొనే దశ వచ్చినది. అటువంటి జిల్లాలో ఉన్నవారు పరీక్షకు వచ్చినవారిని తిప్పి పంపవద్దు.

ఇక ఇప్పటికే కాలు వాచినవారి మాట. వారికి ఈ మాత్ర వలన కాలు పూర్వంలా కాదు. ఈ నిజం దాచడం వలన గతంలో మందు మీద నమ్మకమే పోయినది. వరిబీజానికి ఆపరేషను ఉన్నది. వాచిన కాలుకు కావలసినది రోజూ కడగడం. సబ్బుతో, శుభ్రమైన చల్లని నీటితో, మడతల మధ్య, వేళ్ళ సందులలో మెల్లగా కడగవలెను. మెత్తని గుడ్డతో ఒత్తి తడి ఆర్పవలెను, రుద్దకూడదు. వేళ్ళ సందుల్లో పుండు, ఒరుపు ఉంటే ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే మందు రాయవలెను. ఆ చిన్న పుండ్లలోనుండే సూక్ష్మక్రిములు దూరి జ్వరం తెప్పిస్తాయి, జ్వరం వచ్చినప్పుడల్లా వాపు పెరుగుతుంది. కూర్చొన్నప్పుడు, పడుకొన్నప్పుడు కాలు ఎత్తుగా పెట్టవలెను. మడమ ఎత్తి దించవలెను. బిగువు లేని చెప్పులు వేసుకోవలెను. వాతలు పెట్టించడం, గాట్లు పెట్టించడం వలన హాని తప్ప మేలు లేదు. ఇది శ్రద్ధగా చేసినవారికి జ్వరాలు తగ్గుతాయి, దుర్వాసన పోతుంది, నడక తేలికవుతుంది.

వంగి తన పాదం తాను కడుగుకొనలేని ముసలివారికి ఎవరు కడుగుతారు? పవిత్ర గురువారం నాడు మన గుడులలో పన్నెండుమంది వరుసగా కూర్చొంటారు. గురువులు నడుముకు తుండు కట్టుకొని వారి పాదాలు కడుగుతారు. ఆ పన్నెండుమందిని ఎలా ఎన్నుకొంటారో మనందరికీ తెలుసు. ఇంటిదగ్గర శుభ్రంగా తోముకొని, గోళ్ళు తీసుకొని వస్తారు. కడగవలసినదేమీ ఉండదు. 2016లో ఫ్రాన్సిస్ పోపుగారు ఈ సాంగ్యములో స్త్రీలను, వృద్ధులను, రోగులను కూడా ఎన్నుకొనవచ్చునని సవరణ చేశారు. అయినా బోదకాలున్న ఒక్క మనిషి ఆ బల్లపై కూర్చొనడం మన విచారణలలో ఎన్నిసార్లు చూశాం? అటువంటివారు గుడిలో చివరి వరుసలో, గోడవారగా, చీర కుచ్చిళ్ళు కిందికి లాక్కొని, పంచె దించుకొని కూర్చొంటారు. సత్ప్రసాదానికి వరుస కదిలినప్పుడు నలుగురి కళ్ళూ కాలిమీద పడతాయని కొందరు లేవనే లేవరు. ప్రభువు శరీరం స్వీకరించుటకు రాకుండ వారిని ఆపినది వారి పాపం కాదు, మన చూపు. పుట్టుగ్రుడ్డివాని విషయంలో ఇది ఎవరి పాపమని శిష్యులడిగితే, ఇతనిదీ కాదు ఇతని తల్లిదండ్రులదీ కాదని ప్రభువు తేల్చి చెప్పిన తరువాత కూడా (యోహాను 9) మనం ఆ ప్రశ్న మానలేదు.

ఈ యేడు పవిత్ర గురువారానికి వారిలో ఒకరిని పిలవండి. వారు సిగ్గుపడితే బలవంతపెట్టవద్దు. వారి ఇంటికే ఒక బకెట్టు, ఒక సబ్బు, ఒక పాత నూలుగుడ్డ తీసుకొని వెళ్ళండి. మఠకన్యలు గాని ఏఎన్ఎంగారు గాని ఒకసారి చూపిస్తే ఉపదేశిగారు, ఇంటి కోడలు, మనవడు ఎవరైనా నేర్చుకొనగలరు. పవిత్ర గురువారం ఏడాదికొకసారి వస్తుంది, ఈ కాలు ప్రతిరోజూ కడగవలెను.

ఇప్పుడు మాత్రలను గురించి నాలుగు మాటలు, ఉపదేశులు ఆదివారం పూజ చివర ప్రకటనలలో చదువుటకు. రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భవతులకు, తీవ్ర అస్వస్థతలో ఉన్నవారికి ఇవ్వరు. బాలింతలు ముందుగా ఆశా కార్యకర్తకు చెప్పండి. పెద్దవారికి మూడు డీఈసీ మాత్రలు, ఒక ఆల్బెండజోల్. ఐవర్‌మెక్టిన్ ఇచ్చేచోట ఎత్తు కొలిచి ఇస్తారు. ఆల్బెండజోల్‌ను నమిలి మింగండి. కార్యకర్త ఎదుటనే మింగండి, పిల్లలతో మింగించండి. ఆ తరువాత కొందరికి తలనొప్పి, కొద్దిపాటి జ్వరం, కళ్ళు తిరగడం, వికారం కలుగవచ్చును. లోపల పురుగులు చస్తున్నందువలన కలిగే ఇబ్బంది అది, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఎక్కువైతే ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. పక్కవారిని భయపెట్టవద్దు.

గుణదల తిరునాళ్ళకు వెళ్ళినందువలన ఇంట్లో లేనివారు తిరిగివచ్చిన మరునాడే ఆశా కార్యకర్త ఇంటికి వెళ్ళి అడగండి. తప్పిపోయినవారి కొరకు ఆమె వద్ద మాత్రలుంటాయి. ఖాళీ కడుపుతో మాత్రం మింగవద్దు. కొన్ని సంవత్సరాలలో విభూతి బుధవారం కూడా ఈ రోజుల్లోనే పడుతుంది. ఆ దినమున ఉపవాసమున్నవారు ఆ సంగతి కార్యకర్తకు చెప్పి, మరునాడు అన్నం తిన్న తరువాత ఆమెను మళ్ళీ పిలిపించుకోండి.